బండికి రెండు గ్యాస్ సిలిండర్లు: చేత్తో మార్చుకోవడమా, దానంతటదే మారడమా?

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో టిఫిన్ వ్యాను నడిపేవాళ్లు చాలామంది రెండో సిలిండర్ పెట్టుకునే బయల్దేరతారు. అందులో గ్యాస్ ఎంతుందని అడిగితే మాత్రం కాలితో ఒకసారి కదిపి చూసి "ఉంది, ఉంది" అంటారు. పొద్దున ఎనిమిదింటికి గిరాకీ ముసురుకున్నాక మొదటిది అయిపోయి, రెండోది బిగిస్తే అందులోనూ పావు వంతే ఉంటే ఆ రోజు బేరం ఆగమే. రెండు సిలిండర్ల ఏర్పాటులో ఏది మేలో తేల్చేటప్పుడు మంట ఆగుతుందా లేదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. రెండోది నిండుగా ఉందో లేదో ఆ ఏర్పాటు మీకు ఎప్పటికప్పుడు తెలియజేస్తుందా అన్నది అంతకంటే ముఖ్యం.

దారులు నాలుగు. ఒకటి బిగించి, ఇంకొకటి సీలు తీయకుండా పక్కన ఉంచుకోవడం మొదటిది. రెండింటినీ ఒకే లైనుకు కలిపి, ఒక్కోదానికి ఒక్కో వాల్వు పెట్టి చేత్తో మార్చుకోవడం రెండోది. ఒకటి అయిపోగానే దానంతటదే రెండోదానికి మారే ఆటో చేంజోవర్ రెగ్యులేటర్ మూడోది. రెండూ ఒకేసారి తెరిచి వాడడం నాలుగోది. మా మాట ముందే చెప్పేస్తాం. ఒక్క పొయ్యి చాయ్ బండికి మొదటిదే చాలు. రెండు మూడు పొయ్యిల టిఫిన్ వ్యానుకు చేత్తో మార్చుకునేదే అన్నిటికంటే నయం. మధ్యలో మంట ఆగితే సరుకు పాడయ్యే క్యాటరింగ్‌కు, రాత్రి కూడా గ్యాస్ నడవాల్సిన క్యారవాన్‌కు (ఇల్లులా మార్చుకున్న వ్యానుకు) ఆటో పెట్టుకోవచ్చు. నాలుగోది పెద్ద భట్టీలవాళ్లకు తప్ప ఎవరికీ వద్దు.

ముందు మీ పొయ్యిలు ఎంత తింటాయో లెక్క కట్టండి

ఒక కిలో ఎల్పీజీ పూర్తిగా మండితే దాదాపు 12.7 కిలోవాట్-గంటల వేడి వస్తుంది. బర్నర్ డబ్బా మీదో, దాని ప్లేటు మీదో కిలోవాట్లు రాసి ఉంటాయి. కిలోకేలరీల్లో ఉంటే 860తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఉదాహరణకు దోశ పెనం కింద 6, ఇడ్లీ పాత్ర కింద 5, బజ్జీల మూకుడు కింద 6, మొత్తం 17 కిలోవాట్లు. మూడూ పూర్తి మంట మీద ఉంటే గంటకు 1.3 కిలోలకు పైనే పోతుంది. నిజంగా అన్నీ ఎప్పుడూ నిండు మంట మీద ఉండవు కాబట్టి మూడింట రెండు వంతులు వేసుకోండి: గంటకు 850 నుంచి 900 గ్రాములు. రోజుకు ఐదు గంటల బేరమైతే నాలుగున్నర కిలోలు, అంటే 19 కిలోల నీలం సిలిండర్ నాలుగు రోజులు.

లెక్క ఒక ఎత్తు, తూకం ఇంకో ఎత్తు. 50 కిలోల వరకు తూచే వేలాడదీసే డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కోండి. బండ మెడ దగ్గర, పట్టీల మీద ఖాళీ బరువు అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె 18.4 అనుకుందాం. త్రాసు 27.4 చూపిస్తే లోపల 9 కిలోలు ఉన్నట్టు. బేరం మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి తూచి, ఇట్లా వారం రోజులు చేస్తే మీ బండి రోజుకు ఎంత తింటుందో తేలిపోతుంది. ఇది తెలియకుండా ఏ రెగ్యులేటర్ కొన్నా అంచనా మీద కొన్నట్టే. తూచాక ఆ అంకెను, తేదీని సుద్దముక్కతో బండ మీదే రాసేయండి. పుస్తకంలో రాసుకుంటే ఆ పుస్తకం ఇంట్లో ఉంటుంది, బండ రోడ్డు మీద ఉంటుంది.

త్రాసు లేనప్పుడు బండ మీద వేడినీళ్లు ఒక గ్లాసు పోసి చెయ్యి పెట్టి చూసే పద్ధతి ఉంది. ద్రవం ఉన్నంత మేర చల్లగా, పైన వెచ్చగా తగులుతుంది. ఎంతవరకు ఉందో గీత కనిపిస్తుంది, కిలోలు తెలియవు. మరిగే నీళ్లు మాత్రం వద్దు, చేతికి వెచ్చగా తగిలేవి చాలు.

పక్కన పెట్టుకునే స్పేరు

ఖర్చు లేనిది ఇదే. సీలు తీయని బండ నిండుగా ఉంటుందన్న భరోసా కూడా దీనిలోనే ఎక్కువ. చిక్కంతా మార్చే ఆ నాలుగైదు నిమిషాల్లోనే. గిరాకీ ముందు నిలబడి ఉండగా, పక్క పొయ్యి మండుతుండగానే తొందరపడి రెగ్యులేటర్ ఊడదీస్తారు. గొట్టంలో మిగిలిన కాస్త గ్యాస్ కూడా దగ్గర్లో మంట ఉంటే అంటుకోవడానికి చాలు. కాబట్టి ఈ దారిలో వెళ్లేవాళ్లు ఒక్క నియమం తప్పకూడదు: బండ మార్చేటప్పుడు బండి మీద ఉన్న ప్రతి మంటా ఆరి ఉండాలి, దేవుడి పటం ముందు అగరుబత్తీతో సహా. ఒక్క పొయ్యి బండికి ఇది కష్టం కాదు. మూడు పొయ్యిలుంటే గిరాకీ మధ్యలో అన్నీ ఆర్పడానికి ఎవరికీ మనసొప్పదు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

చేత్తో మార్చుకునే మానిఫోల్డ్

రెండు సిలిండర్లను ఒకే లైనుకు కలిపే ఏర్పాటే మానిఫోల్డ్. సిలిండర్ల నోటికి బిగించే రెండు అడాప్టర్లు, వాటి నుంచి రెండు హైప్రెషర్ గొట్టాలు వస్తాయి. పనివాళ్లు వీటిని పిగ్‌టెయిల్ అంటారు. ఒక్కో గొట్టం చివర గ్యాస్‌ను వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వు ఒకటి, దాని తర్వాత చేత్తో తిప్పి మూసే బాల్ వాల్వు ఒకటి. రెండూ కలిసే చోట ఇంగ్లిష్ T ఆకారపు జాయింటు, అక్కడి నుంచి రెగ్యులేటర్, ఆ తర్వాత ఒక్కో పొయ్యికి ఒక్కో బాల్ వాల్వు. ఇంతే సరంజామా.

దీనిలో డబ్బు మిగుల్చుకుందామని జనం మానేసేది నాన్-రిటర్న్ వాల్వునే. మానేయకూడనిదీ అదే. అది లేకపోతే, ఖాళీ బండ ఊడదీసినప్పుడు దాని వైపు బాల్ వాల్వు పొరపాటున తెరిచి ఉంటే రెండో బండలోని గ్యాస్ వెనక్కి తిరిగి ఊడిన గొట్టం నోట్లోంచి పూర్తి ప్రెషర్‌తో బయటికి వస్తుంది. ఇంకో నష్టం కంటికి కనపడదు. ఒక బండ ఎండలో, ఒకటి నీడలో ఉండి రెండు వాల్వులూ తెరిచి ఉంటే, వేడి బండలోని ఆవిరి చల్లటి దానిలోకి పోయి అక్కడ ద్రవమవుతుంది. నిండు బండలో ద్రవం పెరిగితే పైన ఆవిరికి చోటు తగ్గుతుంది. అసలు 80–85 శాతం దాకానే నింపి ఆపేది ఆ చోటు కోసమే.

ఈ ఏర్పాటులో అసలు లాభం వేరే ఉంది. గిరాకీ వేళలో మీరు తిప్పేది వాల్వు మాత్రమే. మంట నీరసించగానే నిండు దాని బాల్ వాల్వు తెరవండి, ఆ తర్వాత ఖాళీ దానిది మూసేయండి. వరస ఇదే అయితే మంట ఆరదు. ఊడదీసి కొత్తది బిగించే పని బేరం ముగిసి, అన్నీ ఆరాక, తీరికగా చేసుకోవచ్చు. పైగా వాల్వు మీ చేత్తోనే తిప్పారు కాబట్టి ఒకటి అయిపోయిందన్న సంగతి మీకు తెలియకుండా పోదు. ఆటోలో లేనిది ఇదే. ఖాళీ వైపు వాల్వుకు ఎర్ర రిబ్బను ముక్క కట్టేస్తే సాయంత్రం డ్యూటీకి వచ్చేవాడికి కూడా తెలుస్తుంది.

నాన్-రిటర్న్ వాల్వు పనిచేస్తోందా అన్నది మూడు నెలలకోసారి చూసుకోండి. ఆరుబయట, చుట్టుపక్కల మంట, బీడీ, ఇంజను ఏవీ లేకుండా చూసుకుని, ఒక వైపు అడాప్టర్ ఊడదీసి దాని బాల్ వాల్వు తెరిచి ఉంచండి. రెండో వైపు సిలిండర్‌ను కొద్దిగా తెరిచి, ఊడిన గొట్టం నోటికి సబ్బు నురుగు రాయండి. బుడగ లేస్తే ఆ వాల్వు మార్చాల్సిందే. లోపల చెత్త ఇరుక్కుని తెరుచుకుపోవడం మామూలే.

ఆటో చేంజోవర్: ఎందుకు మంచిది, ఎందుకు మోసం చేస్తుంది

దీని లోపల రెండు వైపులా రెండు చిన్న రెగ్యులేటర్లు ఉంటాయి. లివర్ ఎటు తిప్పి ఉంటే అటు వైపుది కాస్త ఎక్కువ ప్రెషర్‌కు సెట్ అవుతుంది. ప్రెషర్ ఎక్కువ ఉన్న వైపే గ్యాస్ ఇస్తుంది కాబట్టి ముందు ఆ బండే ఖర్చవుతుంది. అది అయిపోయి ప్రెషర్ పడిపోగానే రెండోది అందుకుంటుంది. పైనున్న చిన్న కిటికీ ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారుతుంది. పొయ్యి దగ్గర నిలబడ్డవాడికి ఏ తేడా తెలియదు.

ఆ తెలియకపోవడమే దీని లోపం. కిటికీ ఉండేది బండి వెనక సిలిండర్లు పెట్టే జాలీలో. దాన్ని ఎవరూ చూడకపోతే రెండోది కూడా నిశ్శబ్దంగా ఖాళీ అవుతుంది. అప్పుడు రెండు సిలిండర్లున్నా ఒక్కటీ లేనట్టే. ఆటో పెట్టుకున్నవాళ్లు రోజూ బండి తెరిచేటప్పుడు ఒకసారి, మూసేటప్పుడు ఒకసారి కిటికీ చూడాలి. ఆ అలవాటు ఉండదనుకుంటే ఆటో కొనకండి.

రెండో సంగతి ఇంకా సూక్ష్మం. చలికాలం తెల్లవారుజామున మూడు పొయ్యిలు ఒకేసారి వెలిగిస్తే వాడుతున్న బండ చల్లబడి దాని ప్రెషర్ కాసేపు పడిపోతుంది. రెగ్యులేటర్‌కు అది అయిపోయినట్టే అనిపించి రిజర్వు నుంచి కొంత లాగుతుంది. బండ మళ్లీ వెచ్చబడ్డాక కిటికీ ఆకుపచ్చకు తిరిగి వస్తుంది. రిజర్వులో కిలోనో రెండు కిలోలో తగ్గిందని మీకు ఎవరూ చెప్పరు. అందుకే ఆటో ఉన్నా వారానికోసారి రిజర్వును తూచాల్సిందే.

ఎరుపు కనపడ్డాక చేయాల్సింది ఇది. ముందు లివర్‌ను నిండు బండ వైపు తిప్పాలి, కిటికీ ఆకుపచ్చ అవుతుంది. ఖాళీ దాని వాల్వు మూసి, మంటలన్నీ ఆరాక ఊడదీసి, కొత్తది బిగించి, నురుగుతో చూసి, వాల్వు నెమ్మదిగా తెరవాలి. లివర్ తిప్పడం మర్చిపోతే కొత్తగా పెట్టిన నిండు బండే మళ్లీ ముందు ఖర్చవుతుంది, సగం వాడిన పాతది రిజర్వుగా మిగులుతుంది. ఆటో పెట్టుకున్నా గ్యాస్ అయిపోయిందని మొత్తుకునేవాళ్ల దగ్గర తరచూ కనపడే తప్పు ఇదే.

కొనేటప్పుడు గంటకు ఎన్ని కిలోలు ఇవ్వగలదో చూడండి. మీ పొయ్యిల నిండు మంట లెక్క కంటే ఆ అంకె ఎక్కువ ఉండాలి. బయటికి వచ్చే ప్రెషర్ కూడా చూడాలి. ఇళ్లలో వాడే లో-ప్రెషర్ పొయ్యికి 30 మిల్లీబార్ల దగ్గర కావాలి. హైప్రెషర్ భట్టీకి దానికి ఎన్నో రెట్లు కావాలి. లో-ప్రెషర్ పొయ్యికి హైప్రెషర్ రెగ్యులేటర్ తగిలిస్తే మంట బర్నర్ మీద నిలవక ఎగిసిపడుతుంది. రెండు రకాల పొయ్యిలూ ఒకే బండి మీద ఉంటే లైను రెండుగా చీల్చి లో-ప్రెషర్ వైపు ఇంకో రెగ్యులేటర్ పెట్టించాలి తప్ప నాబ్ తగ్గించి సర్దుకుందామనుకోవద్దు.

చలి, చివరి రెండు కిలోలు

"బండలో గ్యాస్ ఉంది కానీ మంట రావడం లేదు" అన్న ఫిర్యాదు డిసెంబరు, జనవరిల్లో ఎక్కువ. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు పోవడం ఏటా ఉండేదే, వరంగల్ చుట్టుపక్కల కూడా చలి తక్కువేం కాదు. సిలిండర్లో ఉండేది ద్రవం. ఒక కిలో ద్రవం ఆవిరి కావాలంటే 85–90 కిలోకేలరీల వేడి కావాలి. ఆ వేడి చుట్టూ ఉన్న గాలి నుంచి, బండ ఇనుము గుండా, ద్రవం తగిలే మేర నుంచే లోపలికి వెళ్లాలి. వేడి చేరే వేగం కంటే మీరు లాగే వేగం ఎక్కువైతే బండ చల్లబడుతుంది, ప్రెషర్ పడిపోతుంది, బయట చెమట పట్టి ఒక్కోసారి మంచు కూడా కడుతుంది. ద్రవం తగ్గేకొద్దీ వేడి అందే మేర తగ్గుతుంది కాబట్టి సగం ఖాళీ బండ నిండు దాని కంటే ముందు నీరసిస్తుంది.

పైగా మన ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గర. తొందరగా ఆవిరయ్యే ప్రొపేన్ ముందు ఎక్కువగా పోతుంది, అడుగుకు వచ్చేసరికి బ్యూటేన్ పాలు పెరుగుతుంది. చలి రోజున చివరి రెండు కిలోలు మొరాయించేది ఇందుకే. దానికి మందు ఆ బండను పక్కన పెట్టి మధ్యాహ్నం ఎండపొడకు వాడుకోవడం, లేదా చిన్న మంటకు ఉంచుకోవడం. చేత్తో మార్చే ఏర్పాటులో ఇది సులువు: తెల్లవారుజామున నిండు దాని మీద, పది గంటల తర్వాత అడుగంటిన దాని మీద నడపండి.

చేయకూడనివి కూడా అందరికీ తెలిసినవే, అయినా చేస్తూనే ఉంటారు. బండను మరిగే నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టడం, పొయ్యి పక్కకు జరపడం, పక్కకు పడుకోబెట్టడం. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ఒక లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. బర్నర్ దగ్గర మంట మనిషెత్తు లేస్తుంది. "కాస్త వంచితే చివరి బొట్టు దాకా వస్తుంది" అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు.

ఇప్పుడు నాలుగో దారి సంగతి. రెండూ ఒకేసారి తెరిస్తే ఒక్కో బండ మీద భారం సగమవుతుంది, చల్లబడదు, భట్టీలకు ప్రెషర్ నిలుస్తుంది. గంటకు కిలోన్నర పైన ఆగకుండా లాగేవాళ్లకు ఇది అవసరమే. కానీ రెండూ ఒకేసారి అయిపోతాయి. అప్పుడు మూడో, నాలుగో బండ రిజర్వుగా ఉండాలి, అంటే రెండేసి చొప్పున రెండు జట్లు. బిర్యానీ దమ్‌లు, పెళ్లి వంటలకు అదే పద్ధతి. టిఫిన్ వ్యానుకు అంత హంగామా అక్కర్లేదు.

క్యారవాన్ వీడియోలు చూసి కొనేవాళ్లకు

రామప్ప, లక్నవరం, బొగత వైపు వెళ్లడానికి వ్యానును ఇల్లులా మార్చుకునేవాళ్లు ఈమధ్య పెరిగారు. వాళ్లు చూసే అమెరికా వీడియోల్లో ట్రాలీ ముందు కొక్కెం మీద రెండు తెల్లటి ట్యాంకులు కనిపిస్తాయి. అవి ఒక్కోటి 20 పౌండ్లు లేదా 30 పౌండ్ల ప్రొపేన్ పట్టేవి, అంటే 9.1 కిలోలు, 13.6 కిలోలు. వాటిని ఖాళీ అయితే బంకులో నింపిస్తారు. 80 శాతం దాటకుండా లోపల తేలే బుడ్డీ ఆపేస్తుంది. మనకు బంకులో బండ నింపడమన్నది లేదు, ఖాళీ ఇచ్చి నిండు తెచ్చుకోవడమే. ఒక బండలోంచి ఇంకో బండలోకి వంపడం నేరం, ప్రమాదం కూడా. వాళ్ల ట్యాంకు నోరు, మన 22 మిల్లీమీటర్ల వాల్వు ఒకదానికొకటి కలవవు. కలిపే అడాప్టర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని కొనకండి. విదేశీ పొయ్యి కొంటే బ్యూటేన్, ప్రొపేన్ మిశ్రమానికి 30 మిల్లీబార్లని రాసి ఉన్నదే తీసుకోండి.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవి రెండున్నాయి. ట్యాంకులు మనుషులు పడుకునే చోటికి బయట, గాలి ఆడే దగ్గర ఉండడం ఒకటి. ప్రయాణంలో వాల్వు మూసి ఉండడం రెండోది. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ మాత్రం మనకు దండగ. రోజుకు అర కిలో అటూఇటూ తింటుంది, రామగుండం ఎండల్లో సరిగ్గా చల్లబరచదు. బ్యాటరీ మీద నడిచే కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టుకుంటే గ్యాస్ ఒక్క వంటకే మిగులుతుంది. రెండు బర్నర్ల పొయ్యి మీద నలుగురికి వండితే రోజుకు నాలుగు వందల గ్రాములు దాటదు. దానికి ఐదు కిలోల బండలు రెండు చాలు, గ్యాస్ వంటకే కాబట్టి ఆటో అక్కర్లేదు. వ్యాను లోపల గ్యాస్ గీజర్ వద్దే వద్దు. మూసిన చోట మంట కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదిలితే దానికి వాసన ఉండదు.

ఏ సైజు

బేరానికి ఇంటి 14.2 కిలోల ఎర్ర బండ వాడడం చట్టవిరుద్ధం. 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ ఉత్తర్వు కింద పట్టుకుంటే బండలు జప్తు చేస్తారు, కేసు పెడతారు. ఇంటి గ్యాస్ మీద జీఎస్టీ 5 శాతం, వాణిజ్య గ్యాస్ మీద 18 శాతం. ఆ తేడా చూసే జనం ఆశపడతారు. టిఫిన్ వ్యానుకు 19 కిలోలవి రెండు సరైన జోడీ. నిండు బండ 37–38 కిలోలు తూగుతుంది కాబట్టి ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఒంటరిగా బండి నడిపేవాళ్లకు ఐదు కిలోల వాణిజ్య బండలు తేలిక. చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు మీదే ఏజెన్సీల్లో, కొన్ని బంకుల్లో దొరుకుతాయి. చాయ్ బండికి బాగుంటాయి, దోశ పెనానికి చాలవు: చిన్న బండకు వేడి అందే మేర తక్కువ, పెద్ద మంట లాగితే గంటలోనే చల్లబడుతుంది. 47.5 కిలోలవి కదిలే బండికి పనికిరావు.

లైసెన్సు లేకుండా ఒకచోట ఉంచుకోగలిగేది 100 కిలోల లోపే. మేడారం జాతరకు వెళ్లే టిఫిన్ బండ్లు ఇది గుర్తుంచుకోవాలి. జాతర నాలుగు రోజులు బేరం రోజంతా ఉంటుంది. పై లెక్క ప్రకారం రోజుకు పద్నాలుగు గంటలు నడిపితే పన్నెండు కిలోలకు పైనే, నాలుగు రోజులకు 50 కిలోలు. మూడు బండలు సరిగ్గా సరిపోతాయి, నాలుగోది ధైర్యం కోసం. నాలుగు కలిపి 76 కిలోలే. ఆ రద్దీలో బండ మార్చుకు రావడానికి బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావడం అయ్యే పని కాదు. లైనుకు రెండే తగిలించి, మిగతావి సీలుతో, మంటకు దూరంగా, నిలబెట్టి కట్టేయండి. జాతర దగ్గర అగ్నిమాపక సిబ్బంది ఏ చోట ఉంచమంటే అక్కడే.

జాలీ, గొట్టం, బిగింపు

ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ గూడుకు కిటికీ పైన పెట్టి ప్రయోజనం లేదు, అడుగున కన్నాలు ఉండాలి. గూడు బండి వెనకో పక్కనో బయటికి తెరుచుకోవాలి, వంటచేసే చోటికీ గూటికీ మధ్య రేకు గోడ ఉండాలి. ఒక్కో బండకు నడుము దగ్గర ఒకటి, భుజాల దగ్గర ఒకటి, రెండు పట్టీలు. ఒక్క పట్టీతో కడితే స్పీడ్ బ్రేకర్ మీద బండ తిరిగి అడాప్టర్ మీద బలం పడుతుంది. జనరేటర్, బ్యాటరీ అదే గూట్లో పెట్టొద్దు.

లో-ప్రెషర్ గొట్టం ఐఎస్‌ఐ ముద్ర ఉన్న నారింజరంగు సురక్షా గొట్టమే వాడండి. దాని ఆయుష్షు ఐదేళ్లు, తేదీ గొట్టం మీదే అచ్చు వేసి ఉంటుంది. బండి మీద నూనె, ఎండ, కుదుపు ఉంటాయి కాబట్టి మూడేళ్లకే మార్చడం మంచిది. పచ్చ ప్లాస్టిక్ పైపు రేకు అంచుకు రాసుకుని కోసుకుపోతుంది. రేకులో కన్నం పెట్టి పైపు లాగేచోట రబ్బరు వాషర్ వేయించండి. కదలని లైను రాగి గొట్టంతోనో, అతుకు లేని ఇనుప పైపుతోనో వేయించి, దాని రెండు చివర్లా మాత్రమే రబ్బరు గొట్టం ఉంచాలి.

నిండు బండ దించుకునేటప్పుడు మూడు చూడాలి. పట్టీ లోపలి వైపు ఒక ఇంగ్లిష్ అక్షరం, రెండంకెలు ఉంటాయి. అది తర్వాతి పరీక్ష గడువు. ఏ అంటే జనవరి–మార్చి, బి ఏప్రిల్–జూన్, సి జులై–సెప్టెంబరు, డి అక్టోబరు–డిసెంబరు. గడువు దాటితే వెనక్కి ఇచ్చేయండి. మూత తీసి వాల్వు లోపల నల్ల రబ్బరు వాషర్ ఉందో, చిట్లిందో చూడండి. కొత్త బండ బిగించగానే వచ్చే లీకుల్లో ఎక్కువ దీనివల్లే. చివరగా తూకం. ఖాళీ బరువుకు 19 కలిపితే రావాల్సిన అంకె రాకపోతే డెలివరీ అబ్బాయి ముందే చెప్పండి, వెళ్లిపోయాక ఎవరూ వినరు.

బిగించిన ప్రతిసారీ అతుకులన్నిటికీ సబ్బు నురుగు రాయాలి. అగ్గిపుల్ల వెలిగించి చూసే అలవాటు ఇంకా కొందరిలో ఉంది, దాన్ని మాన్పించాలి. వాసన వస్తే ముందు బండ వాల్వు మూసి, తర్వాత మంటలార్పి, స్విచ్చులు ముట్టకుండా జనాన్ని దూరంగా పంపి గ్యాస్ లీకుల నంబరు 1906కు ఫోన్ చేయండి. ఆ ఫోన్ కూడా బండికి దూరంగా వెళ్లాకే. వాల్వు దగ్గరే మంట పట్టుకుని, వాల్వు మూయడం సాధ్యం కాకపోతే ఆ మంటను పొడి చల్లి ఆర్పొద్దు. ఆరిన తర్వాత గ్యాస్ పారుతూనే ఉండి చుట్టూ పేరుకుంటుంది, తర్వాత ఒక్కసారిగా అంటుకుంటుంది. చుట్టుపక్కల అంటుకోకుండా చూస్తూ, దూరం నుంచి పక్క బండ మీద నీళ్లు కొడుతూ 101కు ఫోన్ చేసి అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా ఆగాలి. రెండు బండలు పక్కపక్కనే ఉన్న ఏర్పాటులో రెండోదాన్ని చల్లగా ఉంచడమే అప్పుడు చేయగలిగిన పని. బండలు వేడెక్కి వాల్వు నుంచి ఈల వేసినట్టు చప్పుడు వస్తే నీళ్లు కూడా వదిలేసి దూరంగా వెళ్లిపోండి.